రూట్ చేయని ఫోన్ బూట్ ఇమేజ్: సంపాదించడం, సరిచూసుకోవడం, దాచుకోవడం

పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు అన్న సామెత ఆండ్రాయిడ్ ఫోన్ల విషయంలో అక్షరాలా నిజమవుతుంది. మ్యాజిస్క్ అనే యాప్‌తో ఫోన్‌ను రూట్ చేయాలంటే, అంటే ఫోన్ మీద పూర్తి అధికారం సంపాదించాలంటే, ఆ ఫోన్ తాలూకు అసలు బూట్ ఇమేజ్ (ఫోన్‌ను లేపే భాగానికి ప్రతి అయిన ఫైలు) చేతిలో ఉండాలి. ఆ ఇమేజ్‌ను ఫోన్ లోంచి నేరుగా చదవాలంటే రూట్ అధికారం ఉండాలి. ఈ చిక్కుముడిని విప్పే దారులు మూడు నాలుగు ఉన్నాయి. ఏ దారి ఏ ఫోన్‌కు పనికివస్తుందో, దొరికిన ఫైలు మన ఫోన్‌దేనని ఎలా రూఢి చేసుకోవాలో, తరువాత దాన్ని ఎలా భద్రపరచుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఫోన్ ఆన్ కాగానే నడిచే బూట్‌లోడర్ అనే ప్రోగ్రామ్ తాళం తీసే, అంటే తయారీదారుది కాని సాఫ్ట్‌వేర్‌ను కూడా ఒప్పుకునేలా చేసే ఆలోచనే లేనివారికి మాత్రం ఈ బ్యాకప్‌తో పెద్ద అవసరం లేదు. తాళం వేసి ఉన్న ఫోన్‌లోకి దాన్ని తిరిగి ఎక్కించడం మామూలు పద్ధతుల్లో సాధ్యం కాదు.

ఒక మనవి. కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగు అక్షరాలతోనే రాశాను. టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లిషు చిన్న అక్షరాలలో, మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదిలి కొట్టాలి. డాట్ అన్నచోట చుక్క, హైఫన్ అన్నచోట చిన్న అడ్డగీత, అండర్‌స్కోర్ అన్నచోట కింది గీత పెట్టాలి.

బూట్ ఇమేజ్‌లో ఏముంటుంది

ఫోన్ ఆన్ చేయగానే బూట్‌లోడర్ వెతికేది బూట్ పార్టిషన్‌ను (పార్టిషన్ అంటే ఫోన్ నిల్వలో విడిగా కేటాయించిన భాగం). అందులో లినక్స్ కెర్నెల్ (ఆండ్రాయిడ్‌కు మూలమైన ప్రోగ్రామ్), ర్యామ్‌డిస్క్ అనే చిన్న ఫైల్ సిస్టమ్ ఉంటాయి. చాలాకాలం ఈ రెండూ కలిసే ఉండేవి కాబట్టి బూట్ ఒక్కటి దాచుకుంటే సరిపోయేది. ఆండ్రాయిడ్ 11 కాలం నుంచి తయారీదారు చేర్చే భాగాలను వెండర్ బూట్ అనే వేరే పార్టిషన్‌లోకి మార్చడం మొదలైంది. ఆండ్రాయిడ్ 13తో మార్కెట్‌లోకి వచ్చిన ఫోన్లలో ర్యామ్‌డిస్క్ కూడా విడిపోయి ఇనిట్ బూట్ అనే పార్టిషన్‌కు చేరింది. మ్యాజిస్క్ సవరించేది ర్యామ్‌డిస్క్‌ను గనుక, అలాంటి ఫోన్లలో దానికి ఇవ్వవలసింది ఇనిట్ బూట్ ఇమేజ్‌ను. బూట్ ఇమేజ్‌ను కాదు. అయితే పాత ఆండ్రాయిడ్‌తో వచ్చి, అప్‌డేట్ ద్వారా 13కు మారిన ఫోన్‌కు కొత్త పార్టిషన్ పుట్టుకురాదు. కాబట్టి ఫోన్‌లో ఇప్పుడు ఏ ఆండ్రాయిడ్ నడుస్తోందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, డబ్బాలోంచి ఏ ఆండ్రాయిడ్‌తో బయటికి వచ్చిందన్నదే చూసుకోవాలి.

2016లో ఆండ్రాయిడ్ 7తో వచ్చిన ఏ, బి స్లాట్ల ఏర్పాటు ఉన్న ఫోన్లలో ప్రతి బూట్ సంబంధిత పార్టిషన్‌కూ రెండు ప్రతులు ఉంటాయి. ఒకదానితో ఫోన్ నడుస్తుండగా అప్‌డేట్ రెండోదానిలోకి ఎక్కుతుంది, రీస్టార్ట్ చేశాక రెండోది ముందుకు వస్తుంది. అందువల్ల మన దగ్గర ఉన్న బ్యాకప్ ఏ వెర్షన్‌దో, ప్రస్తుతం నడుస్తున్న స్లాట్ ఏదో రెండూ రాసిపెట్టుకోవాలి.

నేరుగా ఎందుకు చదవనివ్వదు

కంప్యూటర్‌లో ప్లాట్‌ఫామ్ టూల్స్ (ఏడీబీ, ఫాస్ట్‌బూట్ కమాండ్లు ఉండే గూగుల్ ప్యాకేజీ) దించుకుని, ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఏడీబీ షెల్ అని కొడితే మనం ఫోన్ లోపలికి వెళ్తాం. కానీ అక్కడ మన హోదా షెల్ అనే 2000 నంబరు వాడుకరిది. రూట్‌ది సున్నా నంబరు. డీడీ కమాండ్‌తో బూట్ పార్టిషన్‌ను కాపీ చేయబోతే పర్మిషన్ డినైడ్ అన్న జవాబు వస్తుంది. ఫైలు అనుమతులు ఒక అడ్డు అయితే, వాటికి పైన ఎస్ఈలినక్స్ అనే భద్రతా ఏర్పాటు కాపలా మరొక అడ్డు. చాలా ఫోన్లలో పార్టిషన్ల పేర్ల జాబితాను కూడా చూడనివ్వదు.

పూర్వం ఈ గోడకు కన్నాలు దొరికేవి. 2016లో బయటపడిన డర్టీ కౌ లోపం, 2020 మార్చి సెక్యూరిటీ ప్యాచ్‌లో మూసేసిన మీడియాటెక్ లోపం అలాంటివే. ఆ రెండోదానితో ఎంటీకే ఎస్‌యూ అనే చిన్న ప్రోగ్రామ్ నడిపి, రీస్టార్ట్ అయ్యేదాకా రూట్ అధికారం సంపాదించి, బూట్ పార్టిషన్‌ను కాపీ చేసుకున్నవారు ఎందరో ఉన్నారు. అప్‌డేట్లు ఆగిపోయిన పాత మీడియాటెక్ ఫోన్ ఏదైనా ఇంట్లో పడి ఉంటే ఆ దారి ఇంకా పనిచేయవచ్చు. కొత్త ఫోన్‌ను ఒక్క క్లిక్‌తో రూట్ చేస్తామని చెప్పే యాప్‌ల జోలికి మాత్రం పోవద్దు. అవి ఫోన్‌లోని సమాచారాన్ని ఎవరికి అప్పగిస్తాయో ఎవరికీ తెలియదు.

ముందుగా ఫోన్ జాతకం రాసుకోవాలి

లోపలి నుంచి చదవలేం కాబట్టి, అదే ఇమేజ్ ఉన్న తయారీదారు ఫర్మ్‌వేర్‌ను (ఫోన్ మొత్తం సాఫ్ట్‌వేర్ ప్యాకేజీని) సంపాదించి అందులోంచి వేరు చేసుకోవడమే అందరికీ అందుబాటులో ఉన్న దారి. ఇందులో తప్పు జరిగేది ఒక్కచోటే. మోడల్ కలిసింది కదా అని బిల్డ్‌ను, అంటే ఆ సాఫ్ట్‌వేర్ కచ్చితమైన కూర్పును, పట్టించుకోకపోవడం. ఆ తప్పు మా ఇంట్లోనే జరిగింది గనుక కాస్త వివరంగా చెబుతాను.

గాజువాకలో ఉండే మా మేనల్లుడు ఒక ఆదివారం పెదవాల్తేరులోని మా ఇంటికి తన ఫోన్ పట్టుకుని వచ్చాడు. రూట్ చేయబోయి మధ్యలో లోగో దగ్గర ఆగిపోతే, ఎక్కడో దొరికిన బూట్ ఇమేజ్ ఎక్కించి ఎలాగో ఆన్ చేయగలిగాడు. ఫోన్ నడుస్తోంది గాని వైఫై బటన్ నొక్కితే వెలగడం లేదు. ఏ బిల్డ్‌ది ఎక్కించావని అడిగితే, "మోడల్ ఒకటే కదేటి మావయ్యా" అన్నాడు. మోడల్ ఒకటే. కానీ ఫోన్‌లో ఉన్నది భారతదేశపు ఫర్మ్‌వేర్, అతడు ఎక్కించింది గ్లోబల్ ఫర్మ్‌వేర్‌లోని బూట్ ఇమేజ్. వైఫై డ్రైవర్ వెండర్ పార్టిషన్‌లో విడి మాడ్యూల్‌గా ఉంటుంది, అది తనతో పాటు తయారైన కెర్నెల్‌నే నమ్ముతుంది. పరాయి కెర్నెల్ కనబడేసరికి లోడ్ కావడానికి నిరాకరించింది. అదృష్టం కొద్దీ పోయింది వైఫై ఒక్కటే. ఇదే తప్పుకు టచ్ పనిచేయకపోవడం, ఫోన్ లోగో దగ్గరే తిరుగుతూ ఉండిపోవడం కూడా జరుగుతాయి.

కాబట్టి ఫోన్ బాగున్నప్పుడే ఈ వివరాలు ఒక టెక్స్ట్ ఫైలులో రాసుకోవాలి. ఏడీబీ షెల్‌లోకి వెళ్లి గెట్‌ప్రాప్ అని, దాని పక్కన ఆర్ఓ డాట్ బిల్డ్ డాట్ ఫింగర్‌ప్రింట్ అని కొడితే బ్రాండ్, డివైస్ పేరు, ఆండ్రాయిడ్ వెర్షన్, బిల్డ్ గుర్తు, దాని ఉపసంఖ్య అన్నీ ఒకే వరుసలో వస్తాయి. ఫోన్ వేలిముద్ర అన్నమాట. గెట్‌ప్రాప్ పక్కన ఆర్ఓ డాట్ బూట్ డాట్ స్లాట్ అండర్‌స్కోర్ సఫిక్స్ అని ఇస్తే ఏ స్లాట్ నడుస్తోందో చెబుతుంది; జవాబు ఖాళీగా వస్తే ఆ ఫోన్‌లో స్లాట్ల ఏర్పాటు లేదని అర్థం. చివరగా యూనేమ్ హైఫన్ ఏ అని కొట్టి, వచ్చిన వరుసను ఒక్క అక్షరం పోకుండా కాపీ చేసుకోవాలి. కెర్నెల్ వెర్షన్, అది తయారైన తేదీ, సమయం అందులో ఉంటాయి. దీనికి రూట్ అక్కరలేదు. తరువాత ఇమేజ్‌ను సరిచూసుకునేటప్పుడు మనకు సాక్ష్యం చెప్పేది ఈ ఒక్క వరుసే.

ఫర్మ్‌వేర్ లోంచి ఇమేజ్‌ను వేరు చేయడం

గూగుల్ పిక్సెల్ ఫోన్లు ఉన్నవారికి ఇది అరగంట పని. ఫ్యాక్టరీ ఇమేజ్‌లన్నీ గూగుల్ తన డెవలపర్ సైట్‌లో బిల్డ్ గుర్తుల వారీగా, ఎస్‌హెచ్ఏ 256 మొత్తాలతో (ఫైలు చెడలేదని సరిచూసుకునే సంఖ్యలతో) సహా పెడుతుంది. దించుకున్న జిప్‌ను విప్పితే అందులో ఇమేజ్ అన్న మాటతో మొదలయ్యే మరో జిప్ ఉంటుంది. బూట్, ఇనిట్ బూట్, వెండర్ బూట్, వీబీమెటా (మిగతావాటిని బూట్‌లోడర్ సరిచూసే సమాచారం) ఫైళ్లు అందులో విడివిడిగా దొరుకుతాయి. మోటరోలా ఫోన్లకు ఆ సంస్థ ఇచ్చే మరమ్మతు సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో పెట్టుకుంటే, అది ఫోన్‌కు తగిన ఫర్మ్‌వేర్‌ను దించుతుంది. దించిన ఫోల్డర్‌లోనే బూట్ ఇమేజ్ ఉంటుంది.

షావోమీ, రెడ్‌మీ, పోకో ఫోన్లకు ఫాస్ట్‌బూట్ రామ్ (ఆర్ఓఎం) అని టీజీజెడ్ రూపంలో వచ్చేదాన్ని తీసుకుంటే మంచిది. సెవెన్ జిప్‌తో రెండుసార్లు విప్పితే ఇమేజెస్ అనే ఫోల్డర్ బయటపడుతుంది. వెర్షన్ పేరు చివర ఉండే అక్షరాలను తప్పక చూడాలి. ఐఎన్ఎక్స్ఎం అని ఉంటే భారతదేశానిది, ఎంఐఎక్స్ఎం అని ఉంటే గ్లోబల్. మా మేనల్లుడు చూడకుండా వదిలేసిన రెండక్షరాల తేడా ఇలాంటిదే.

శాంసంగ్ ఫర్మ్‌వేర్‌లో బీఎల్, ఏపీ, సీపీ, సీఎస్‌సీ అని నాలుగు రకాల ఫైళ్లు ఉంటాయి. మనకు కావలసింది ఏపీతో మొదలయ్యేది. దాని చివర టార్ డాట్ ఎండీ5 అని ఉన్నా అది మామూలు టార్ ఫైలే, చివర ఎండీ5 అనే సరిచూసుకునే సంఖ్య అతికించి ఉంటుంది, అంతే. సెవెన్ జిప్‌తో తెరిస్తే బూట్ డాట్ ఐఎంజీ డాట్ ఎల్‌జెడ్4 కనిపిస్తుంది. ఎల్‌జెడ్4 అనే చిన్న ప్రోగ్రామ్‌తో, హైఫన్ డి ఇచ్చి దాన్ని విప్పుకోవాలి.

మిగిలిన చాలా బ్రాండ్లలో అప్‌డేట్ జిప్ విప్పితే బూట్ ఇమేజ్ ఎక్కడా కనబడదు. పేలోడ్ డాట్ బిన్ అనే పెద్ద ఫైలు ఒక్కటే కనిపిస్తుంది. అన్ని పార్టిషన్లూ ముక్కలుగా, కుదించిన రూపంలో దాని కడుపులో ఉంటాయి. పేలోడ్ డంపర్ గో అనే ప్రోగ్రామ్‌ను దించుకుని, పేలోడ్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టి, హైఫన్ ఎల్ ఇచ్చి పేలోడ్ పేరు రాస్తే లోపలున్న పార్టిషన్ల జాబితా వస్తుంది. ఫోన్‌లో ఇనిట్ బూట్ ఉందో లేదో రూట్ లేకుండా తెలుసుకోవడానికి ఈ జాబితాను మించిన ఉపాయం లేదు. తరువాత హైఫన్ పి ఇచ్చి, కామాలతో బూట్, ఇనిట్ అండర్‌స్కోర్ బూట్, వెండర్ అండర్‌స్కోర్ బూట్, వీబీమెటా అని రాసి నడిపితే ఆ నాలుగూ విడి ఫైళ్లుగా వస్తాయి. జాబితాలో లేని పేరు రాయనవసరం లేదు.

ఇక్కడ చాలామంది తడబడేది అప్‌డేట్ రకం దగ్గర. ఫోన్‌కు నెలనెలా వచ్చే చిన్న అప్‌డేట్‌లో పాత ఇమేజ్‌కూ కొత్త ఇమేజ్‌కూ మధ్య తేడాలు మాత్రమే ఉంటాయి. దాన్ని ఇంక్రిమెంటల్ అంటారు. దానిలోంచి పూర్తి బూట్ ఇమేజ్ ఒంటరిగా రాదు, డంపర్ మధ్యలో ఎర్రర్ చూపి ఆగిపోతుంది. ఫుల్ ఓటీఏ (పూర్తి అప్‌డేట్) అని రాసి ఉన్న, కొన్ని జీబీలు తూగే జిప్‌నే దించుకోవాలి. రాత్రిపూట దించడానికి పెట్టి పొద్దున్న లేచి చూసుకోవడం నా అలవాటు. సగం దిగి ఆగిన జిప్‌ను విప్పి, దొరికిన ఫైలును నమ్మడం కన్నా పెద్ద పొరపాటు లేదు.

చేతికి వచ్చిన ఫైలు మనదేనా

ఈ పని మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడే అని నా అభిప్రాయం. ఫైలు పేరు బూట్ అని ఉన్నంత మాత్రాన అది మన ఫోన్ బూట్ ఇమేజ్ అయిపోదు.

మొదటి పరీక్ష కంటితో చేసేది. ఏదైనా హెక్స్ ఎడిటర్‌లో ఫైలు తెరిస్తే, మొట్టమొదటి ఎనిమిది బైట్లలో ఆండ్రాయిడ్ అన్న మాట పెద్ద ఇంగ్లిషు అక్షరాలలో, పక్కన ఆశ్చర్యార్థకంతో కనిపించాలి. మొదటి బైట్‌ను సున్నా అనుకుని లెక్కిస్తూ వెళ్తే 40వ బైట్ దగ్గర హెడర్ వెర్షన్ ఉంటుంది. అక్కడ 0 నుంచి 4 వరకు ఏదో ఒక అంకె కనబడాలి. 3 గాని 4 గాని ఉంటే అది వెండర్ బూట్ విడిపోయిన కొత్త తరం ఫోన్‌దని అర్థం. వెండర్ బూట్ ఫైలు తెరిస్తే మాత్రం మొదటి మాట ఆండ్రాయిడ్ కాదు, వీఎన్‌డీఆర్‌బూట్ అని ఉంటుంది, కంగారు పడనక్కరలేదు.

రెండోది పరిమాణం. ఫర్మ్‌వేర్‌లోని బూట్ ఇమేజ్ చాలా ఫోన్లలో పార్టిషన్ ఎంత ఉంటే అంతే ఉంటుంది. 64 ఎంబీ పార్టిషన్ అయితే 67108864 బైట్లు, 96 ఎంబీ అయితే 100663296 బైట్లు. ఈ సంఖ్యలకు అటూ ఇటూ కాకుండా ఏ 41 ఎంబీయో ఉంటే, దించడంలో తెగిపోయిందేమో, లేక ఎవరైనా చివరి ఖాళీని కత్తిరించారేమో ఆలోచించాలి. చివరి 64 బైట్లలో ఏవీబీఎఫ్ అన్న గుర్తుతో వెరిఫైడ్ బూట్ ముద్ర ఉంటుంది. ఆండ్రాయిడ్ 8తో వచ్చిన ఈ ఏర్పాటులో బూట్‌లోడర్ ఆ ముద్రను ఆధారం చేసుకుని ఇమేజ్‌ను పరీక్షిస్తుంది. కత్తిరించిన ఫైలులో ముద్ర కూడా పోతుంది.

మూడోది అసలైన పరీక్ష. ముందు మ్యాజిస్క్ యాప్ ఫైలును జిప్ లాగా విప్పాలి. అందులో లిబ్ ఫోల్డర్, దానిలో ఆర్మ్64 ఫోల్డర్, దానిలో లిబ్‌మ్యాజిస్క్‌బూట్ అనే ఫైలు ఉంటుంది. దాన్ని మ్యాజిస్క్‌బూట్ అని పేరు మార్చి, బూట్ ఇమేజ్‌తో పాటు ఏడీబీ పుష్ ద్వారా ఫోన్‌లోని డేటా, లోకల్, టీఎంపీ ఫోల్డర్‌లోకి పంపాలి. ఏడీబీ షెల్‌లో ఆ ఫోల్డర్‌కు వెళ్లి, సీహెచ్‌మాడ్ 755 ఇచ్చి, చుక్క, ఏటవాలు గీత, మ్యాజిస్క్‌బూట్, అన్‌ప్యాక్, ఆపై ఇమేజ్ పేరు కొట్టాలి. దీనికీ రూట్ అక్కరలేదు. తెర మీద కెర్నెల్ పరిమాణం, ర్యామ్‌డిస్క్ పరిమాణం, ఉంటే ఆండ్రాయిడ్ వెర్షన్, సెక్యూరిటీ ప్యాచ్ నెల వరసగా వస్తాయి. ఇనిట్ బూట్ ఉన్న ఫోన్‌లో బూట్ ఇమేజ్ ర్యామ్‌డిస్క్ పరిమాణం సున్నాగా, ఇనిట్ బూట్ కెర్నెల్ పరిమాణం సున్నాగా కనిపించడం సహజం. అదే ఫోల్డర్‌లో కెర్నెల్ అనే ఫైలు కొత్తగా పుడుతుంది. స్ట్రింగ్స్ కెర్నెల్ అని కొట్టి, నిలువు గీత పెట్టి, గ్రెప్‌తో లినక్స్ వెర్షన్ అన్న మాటను (ఇక్కడ మాత్రం ఎల్ పెద్దక్షరం, రెండు మాటలూ కొటేషన్ గుర్తుల మధ్య) వెతికితే ఒక పొడవాటి వరుస దొరుకుతుంది.

ఆ వరుసను మొదట్లో దాచుకున్న యూనేమ్ వరుస పక్కన పెట్టి చూడాలి. వెర్షన్ అంకెలు, వాటి చివరి కోడ్ అక్షరాలు, తయారైన రోజు, గంట, నిమిషం, సెకను అన్నీ కలవాలి. మేనల్లుడి ఫోన్ విషయంలో అతడు ఎక్కించిన ఇమేజ్‌ను, ఫోన్‌కు సరిపడే భారత ఫర్మ్‌వేర్‌లోని ఇమేజ్‌ను ఇలాగే విప్పి పక్కపక్కన పెట్టాం. మొదటి అంకెలు ఒకటే, చివరి కోడ్ వేరు, తేదీలో పదకొండు రోజుల తేడా. ఆ ఫోన్ అప్పటికే పరాయి కెర్నెల్‌తో నడుస్తోంది కాబట్టి యూనేమ్ సాక్ష్యం చెల్లదు. ఫింగర్‌ప్రింట్ మాత్రం సిస్టమ్ నుంచి వస్తుంది గనుక దాన్ని పట్టుకుని బిల్డ్ వెతికాం. సరైనది ఎక్కించిన తరువాత వైఫై బటన్ నీలంగా వెలిగింది. ఫోన్ చెడకముందే యూనేమ్ రాసుకోవాలని పైన గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

చిప్ వైపు నుంచి చదవడం

పూర్తి ఫర్మ్‌వేర్ ఎక్కడా దొరకని ఫోన్లు కూడా ఉంటాయి. మీడియాటెక్ చిప్ ఉన్నవాటికి ఎంటీకే క్లయింట్ అనే పైథాన్ ప్రోగ్రామ్ ఉంది. ఫోన్‌ను పూర్తిగా ఆపి, వాల్యూమ్ బటన్లు నొక్కి పట్టుకుని కేబుల్ గుచ్చితే చిప్ తన తొలి దశలో కంప్యూటర్‌తో మాట్లాడుతుంది. అప్పుడు ఎంటీకే, ఆర్, బూట్ అని, పక్కన ఫైలు పేరు ఇచ్చి నడిపితే బూట్‌లోడర్ తాళం తీయకుండానే, డేటా చెరగకుండానే పార్టిషన్ యథాతథంగా కంప్యూటర్‌లోకి వస్తుంది. స్లాట్లు ఉన్న ఫోన్‌లో బూట్ అండర్‌స్కోర్ ఏ అని రాయాలి. బూట్ పార్టిషన్‌కు ఎన్‌క్రిప్షన్ ఉండదు గనుక వచ్చింది వచ్చినట్టే పనికివస్తుంది. కొత్త చిప్‌లలో ఈ ద్వారాన్ని చాలావరకు మూసేశారు. ఒక హెచ్చరిక కూడా అవసరం. ఇదే ప్రోగ్రామ్‌లో ఆర్ బదులు డబ్ల్యూ కొడితే చదవడం కాదు, రాయడం జరుగుతుంది. ఒక్క అక్షరమే తేడా.

క్వాల్‌కామ్ చిప్‌లలో 9008 మోడ్ అని పిలిచే అత్యవసర ద్వారం ఉన్నా, ఆ ఫోన్ తయారీదారు సంతకం చేసిన ఫైర్‌హోస్ లోడర్ ఫైలు లేకుండా అది తెరుచుకోదు. కొన్ని ఫోన్లకు వెనక మూత విప్పి లోపలి పాయింట్లు కలపాలి. అనుభవం లేనివారు ఇంట్లో ప్రయత్నించవలసిన పని కాదు.

బూట్‌లోడర్ తాళం అప్పటికే తీసి ఉంటే

అన్‌లాక్ చేశారు గాని రూట్ చేయలేదు అనుకుందాం. అప్పుడు ఆ ఫోన్‌కు తగిన టీడబ్ల్యూఆర్‌పీ అనే రికవరీని (మరమ్మతు కోసం విడిగా నడిచే చిన్న వ్యవస్థను) ఫ్లాష్ చేయకుండా, అంటే ఫోన్‌లోకి ఎక్కించకుండా, ఫాస్ట్‌బూట్ బూట్ అన్న కమాండ్‌తో తాత్కాలికంగా నడపవచ్చు. అది ర్యామ్‌లోనే నడుస్తుంది, ఏ పార్టిషన్‌నూ మార్చదు. రికవరీ తెర వచ్చాక అక్కడ రూట్ అధికారం ఉంటుంది కాబట్టి, ఏడీబీ పుల్‌తో డెవ్, బ్లాక్, బై హైఫన్ నేమ్ కింద ఉన్న బూట్‌ను కంప్యూటర్‌కు లాక్కోవచ్చు. కొందరు తయారీదారులు ఈ కమాండ్‌ను పనిచేయకుండా చేశారు. శాంసంగ్ బూట్‌లోడర్‌లో ఫాస్ట్‌బూట్ అన్నదే లేదు.

ఈ దారి కోసమే తాళం తీయడం మాత్రం తగదు. తాళం తీయగానే ఫోన్‌లోని ఫొటోలు, సందేశాలు అన్నీ చెరిగిపోతాయి. శాంసంగ్‌లో అయితే ఆపై సవరించిన ఇమేజ్ ఎక్కించగానే నాక్స్ అనే భద్రతా గుర్తు శాశ్వతంగా మారిపోతుంది, మళ్లీ తాళం వేసినా వెనక్కి రాదు.

కేబుల్, కరెంటు, దాచుకునే చోటు

సముద్రానికి దగ్గరగా ఉండే మాలాంటివారి ఫోన్లలో టైప్ సి రంధ్రం లోపల పచ్చటి చిలుము పడుతుంది. ఛార్జింగ్ బాగానే ఎక్కుతుంది, డేటా మాత్రం మధ్యలో తెగిపోతుంది. ఏడీబీ డివైసెస్ అని కొట్టినప్పుడు ఒకసారి నంబరు కనిపించి మరోసారి మాయమవుతుంటే సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకునే ముందు టార్చి వేసి రంధ్రంలోకి చూడాలి. ఫోన్ ఆపేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన సన్నటి బ్రష్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిస్తే చాలాసార్లు సరిపోతుంది. జగదాంబ సెంటర్‌లో కేబుల్ కొనేటప్పుడు డేటా కూడా పంపగలదా అని అడిగి తీసుకోవాలి, ఛార్జింగ్‌కే పనికివచ్చేవి కూడా అక్కడే వేలాడుతుంటాయి. డెస్క్‌టాప్ కన్నా బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్‌తో ఈ పని చేయడం మేలు. చదివేటప్పుడు కరెంటు పోతే మళ్లీ చదువుకోవచ్చు. రాసేటప్పుడు పోతే ఫోన్ పరిస్థితి ఏమిటో చెప్పలేం.

దాచుకునే ఫైలు పేరులో డివైస్ పేరు, బిల్డ్ గుర్తు, తేదీ ఉండాలి. బూట్ ఒకటి, బూట్ కొత్తది, బూట్ ఫైనల్ అని పేర్లు పెట్టుకుంటే ఆర్నెల్ల తరువాత మనకే అర్థం కాదు. బూట్‌తో పాటు ఇనిట్ బూట్, వెండర్ బూట్, డీటీబీఓ (హార్డ్‌వేర్ వివరాల ఇమేజ్), వీబీమెటా, పైన చెప్పిన జాతకం ఫైలు ఒకే ఫోల్డర్‌లో పెట్టి, ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్ఏ 256 మొత్తం తీసి రాసుకోవాలి. విండోస్‌లో సర్ట్‌యుటిల్ హైఫన్ హాష్‌ఫైల్ అని, ఫైలు పేరు, చివర ఎస్‌హెచ్ఏ256 కొడితే వస్తుంది. లినక్స్‌లో ఎస్‌హెచ్ఏ256సమ్ చాలు. ఎప్పుడు కాపీ చేసినా ఆ 64 అక్షరాలు మారకుండా ఉంటే ఫైలు చెడలేదని తెలుస్తుంది. మ్యాజిస్క్ సవరించిన ఇమేజ్‌ను వేరే ఫోల్డర్‌లో పెట్టాలి. అసలుదీ సవరించినదీ కలగలిసి, సవరించినది ఎక్కించి బూట్‌లోడర్‌కు తిరిగి తాళం వేస్తే ఫోన్ లేవడానికి నిరాకరిస్తుంది.

ఒక ప్రతి ల్యాప్‌టాప్‌లో, ఒకటి క్లౌడ్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉండాలని నేను పట్టుబట్టడానికి హుద్‌హుద్ కారణం. 2014 అక్టోబరు 12న ఆ తుపాను విశాఖ దగ్గర తీరం దాటాక రోజుల తరబడి కరెంటూ లేదు, సిగ్నలూ లేదు. అలాంటి వారంలో ఫోన్ లోగో దగ్గర ఆగిపోతే మూడు జీబీల ఫర్మ్‌వేర్ ఎవరు దించగలరు? క్లౌడ్‌లో ఉన్నది కూడా అందదు. జేబులో పెన్‌డ్రైవ్ ఉండి, ల్యాప్‌టాప్‌లో అరగంట ఛార్జింగ్ మిగిలి ఉంటే చాలు. ప్లాట్‌ఫామ్ టూల్స్ జిప్, విండోస్ యూఎస్‌బీ డ్రైవర్ కూడా అదే పెన్‌డ్రైవ్‌లో వేసుకోవాలి.

తిరిగి ఎక్కించడం

తాళం తీసిన ఫోన్‌లో మొదట ఫాస్ట్‌బూట్ బూట్ అని ఇమేజ్ పేరు ఇచ్చి చూడటం మంచిది. ఫోన్ ఆ కమాండ్‌కు ఒప్పుకుంటే, పార్టిషన్‌లో ఏమీ రాయకుండానే మన బ్యాకప్‌తో లేస్తుంది. వైఫై, బ్లూటూత్, కెమెరా, సిమ్ నాలుగూ పనిచేస్తున్నాయని చూసుకుని, అప్పుడు ఫాస్ట్‌బూట్ ఫ్లాష్ బూట్ అని శాశ్వతంగా ఎక్కించాలి. స్లాట్ల ఫోన్‌లో అది ప్రస్తుతం నడుస్తున్న స్లాట్‌లోకే వెళ్తుంది. మ్యాజిస్క్‌తో సవరించింది ఇనిట్ బూట్‌ను అయితే తిరిగి ఎక్కించవలసింది కూడా ఇనిట్ బూట్‌నే. శాంసంగ్‌లో ఇమేజ్‌ను టార్‌గా చేసి, డౌన్‌లోడ్ మోడ్‌లో ఓడిన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లోని ఏపీ గడి ద్వారా పంపాలి.

ఫోన్ అప్‌డేట్ అయిన రోజే పాత బ్యాకప్ ఆ ఫోన్‌కు పరాయిది అవుతుంది. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబరు మారిందంటే ఫింగర్‌ప్రింట్, యూనేమ్ మళ్లీ రాసుకుని, కొత్త ఫుల్ ఓటీఏ లోంచి ఇమేజ్ తీసి, కొత్త తేదీతో మరో ఫోల్డర్ తెరవాలి. పాత ఫోల్డర్‌ను వెంటనే చెరిపేయకుండా ఒక అప్‌డేట్ దాకా ఉంచుకోవచ్చు. మా మేనల్లుడు ఇప్పుడు అప్‌డేట్ వచ్చిందని నోటిఫికేషన్ చూడగానే ముందు నాకు ఫోన్ చేసి, "మావయ్యా, ఫుల్ ఓటీఏ వచ్చిందేటి, లేదా?" అని అడుగుతున్నాడు, రాలేదంటే అప్‌డేట్‌ను రేపటికి వాయిదా వేస్తున్నాడు.